తొమ్మిదో ఫారం

ఆ బైండింగు షాపులో ఆవిడను అందరూ పిన్ని అనేవారు. ఆవిడకంటే ఆరేళ్ళు పెద్దవాడైన కటింగు మిషనాయన కూడా పిన్నీ అనే పిలిచేవాడు. వెనకాల మాత్రం డేగకన్ను అనుకునేవారు. ఆ మాట ఆవిడ చెవిన పడకపోలేదు. లోపల మురిసిపోయి, పైకి మాత్రం, "నా కళ్ళ గొడవ మీకెందుకు, మీ వేళ్ళు చూసుకోండి, కత్తి కింద మరిచిపోయేరు" అనేది.

పుస్తకం పుస్తకంలాగా పుట్టదు. ప్రెస్సు నుంచి దుప్పటంత కాగితాలు వస్తాయి. ఒక్కో కాగితాన్ని మడతలు పెడితే పదహారు పేజీలవుతుంది. దాన్ని ఫారం అంటారు. ఎన్నో ఫారమో తెలియడానికి మొదటి పేజీ అడుగున ఆవగింజంత అంకె వేస్తారు. ఆ ఫారాల గుట్టలన్నీ పొడుగాటి బల్లమీద వరసగా పేరిస్తే, ఆడవాళ్ళు బల్ల వెంబడి నడుస్తూ గుట్టకొకటి చొప్పున ఎత్తుకుంటారు. ఈ చివర వట్టి చేతులతో బయలుదేరిన మనిషి ఆ చివరికి చేరేసరికి చేతిలో పుస్తకం ఉంటుంది. దాన్ని వరస ఎత్తడం అంటారు. చూసేవాళ్ళకు ఇదీ ఒక పనేనా అనిపిస్తుంది. ఎత్తి చూస్తే తెలుస్తుంది.

పిన్ని ఇరవై ఆరేళ్ళు వరస ఎత్తింది. ఒక్క ఫారం తప్పలేదు. మిగతా వాళ్ళు ఎత్తిన వరసల్ని ఇంకో మనిషి అడుగు అంకెలు చూసి సరిచేసేది. పిన్ని వరసను ఎవరూ చూసేవారు కాదు. చూస్తానంటే ఆవిడ ఊరుకునేదీ కాదు. "నా చేతికి కళ్ళున్నాయి, నీ కళ్ళు నీ దగ్గరుంచుకో" అనేది. ఆవిడ చదువు రెండో తరగతి. అంకెలు వచ్చు, సొంత భాష కూడబలుక్కుని చదువుతుంది. ఇంగ్లీషు అక్షరాలంటే గోడమీద చీమల బారు, అంతే.

ఆవిడకు ఒక్కతే కూతురు. మొగుడు పోయేనాటికి పిల్ల మూడో తరగతిలో ఉంది. ఆ రోజు నుంచి ఆవిడది ఒకటే పట్టు, తన చేతికి అంటిన జిగురు పిల్ల చేతికి అంటకూడదని. పిల్ల కాలేజీ చదువు అయిందనిపించి, సర్కారు ఆఫీసులో గుమాస్తా పరీక్షకు రెండుసార్లు కూర్చుంది. రెండుసార్లూ ఇంగ్లీషు పేపరే కాళ్ళకు అడ్డం పడింది. మూడోసారి రాయబోతోంది. అది దాటితే వయసు మించిపోతుంది, ఇక రాయనివ్వరు. కాబట్టి ఇంట్లో మాటలన్నీ ఆ ఒక్క పేపరు చుట్టూనే తిరిగేవి. గిన్నె కింద పడినా "చదువుకునే పిల్ల ఉంది ఇంట్లో" అని తన్నుతానే తిట్టుకునేది పిన్ని.

సరిగ్గా ఆ ఏడే ఇంగ్లీషు వ్యాకరణం గైడు ఒకటి షాపుకు వచ్చింది. పద్నాలుగు ఫారాలు. పరీక్షలు రాసేవాళ్ళంతా దాన్నే ఎగబడి కొంటున్నారని ఓనరు చెప్పాడు. షాపులో ఒక ఆనవాయితీ ఉంది. సిరా అలికినవి, కటింగు వంకర పోయినవి, ఇలా పాడైన కాపీల్ని పనివాళ్ళు ఇంటికి పట్టుకుపోవచ్చు. పిన్ని బల్లమీద పాడైన కాపీ పుడితేగా! పక్కవాళ్ళ పాడు కాపీ అడుగుదామంటే నోరు రాదు. ఓనర్ని అడుగుదామంటే అసలే రాదు.

చివరికి ఉపాయం తట్టింది. అచ్చువాళ్ళు ప్రతి ఫారాన్నీ లెక్కకంటే నాలుగు ఎక్కువే వేస్తారు. మిగిలినవన్నీ గోడవారన అరల్లో పడేస్తారు, పొట్లాలకు పోతాయి. వాటిని ఎవరు తీసుకున్నా ఎవరూ ఏమీ అనరు. మధ్యాహ్నం అందరూ డబ్బాలు విప్పుకుని కూర్చుంటే ఆవిడ ఆ అరల దగ్గర నిలబడి పద్నాలుగు ఫారాలు ఏరింది.

తప్పు అక్కడ జరిగింది. బల్లమీదైతే గుట్టలు ఒకదాని పక్కన ఒకటి వరసలో ఉంటాయి, కాలు ముందుకు పడుతుంటే చెయ్యి దానంతటదే అందుకుంటుంది. అరల్లో వరస ఎక్కడిది? ఒక అరలోంచి ఇంకో అరలోకి ఒరిగిపోయి, ఒకదానిమీద ఒకటి పడి ఉన్నాయి. ఆవిడ చెయ్యి ఎనిమిదో ఫారాన్ని రెండుసార్లు ఎత్తింది, తొమ్మిదోదాన్ని వదిలేసింది. పద్నాలుగా కాదా అని లెక్కపెట్టుకుంది. పద్నాలుగే ఉన్నాయి. అడుగున అంకె చూడలేదు. ఇరవై ఆరేళ్ళుగా చూడని మనిషి ఆ రోజు మాత్రం ఎందుకు చూస్తుంది?

నాలుగు రోజులు సాయంత్రాలు కూర్చుని ఇంట్లోనే కుట్టింది. నీలంగుడ్డ అట్ట వేసింది. వీపును గుండ్రంగా తట్టి, దాని పైఅంచున తలకట్టుకు ఎర్రదారం అల్లింది. అమ్మకానికి వెళ్ళే కాపీలకు అలాంటి సింగారం ఎవరూ చెయ్యరు. పొత్తిళ్ళలో బిడ్డను అందించినట్టు రెండు చేతులతో అందించింది.

కూతురు పేజీలు తిప్పింది. తిప్పుతూ తిప్పుతూ ఒకచోట ఆగింది. వెనక్కి తిప్పింది, ముందుకు తిప్పింది.

"ఏంటే, ఏముందక్కడ?"

"ఏం లేదమ్మా." కాసేపటికి మళ్ళీ అంది. "దారం ఎంత సన్నగా కుట్టావో చూస్తున్నా."

"చూడు, చూడు. లోకంలో ఇలాంటిది ఇదొక్కటే" అని పిన్ని కొంగుతో అట్టమీద లేని దుమ్ము తుడిచింది.

వారం తర్వాత కూతురు అన్నం వడ్డించుకుంటూ అడిగింది. "అమ్మా, షాపులో ఈ గైడు ఇంకో కాపీ ఏమన్నా దొరుకుతుందా?"

"ఎందుకు? దీనికేం రోగం?"

"రోగమని కాదు..."

"నా కుట్టు నచ్చలేదా? నలుగురిలో చూపించుకోడానికి రంగుబొమ్మల అట్ట కావాలా మహారాణికి?"

"కాదమ్మా. మా స్నేహితురాలికి."

"కాళ్ళున్నాయిగా, దుకాణానికెళ్ళి కొనుక్కోమను. నాలుగు రోజులు కళ్ళు పొడుచుకుని నీకోసం కుట్టాను, ఊళ్ళోవాళ్ళకోసం కాదు."

కూతురు ఇక ఆ మాట ఎత్తలేదు.

నెల్లాళ్ళకు ఒక సాయంత్రం పిన్ని పనినుంచి వచ్చేసరికి పిల్ల నోట్‌బుక్కు కాగితాలు ముందేసుకుని పైకి చదువుతోంది. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే పిన్ని అందుకుంది.

"ఇఫ్, ఇఫ్ అని ఏంటే ఆ ఊదుడు? పొయ్యేమన్నా రాజెయ్యాలా?"

కూతురికి నవ్వొచ్చింది. "షరతు వాక్యాలమ్మా. ఇది జరిగితే అది జరుగుతుంది అని చెప్పేవి."

"దానికి చదువెందుకు? జిగురు పలచనైతే అట్ట ఊడుతుంది. నేనూ చెబుతాను."

"నువ్వు చెప్పింది మొదటి రకం. నిజంగా జరిగేది. వాన పడితే కాగితం మెత్తబడుతుంది, అలాంటివి. రెండోది ఊరికే అనుకునేది. నేనే ఓనర్నయితే మా అమ్మకు వారానికి రెండు సెలవులిస్తాను, అంటాం చూడు. ఓనర్ని కాను, ఇవ్వను. అయినా అనుకుంటాం. ఇంగ్లీషులో దాన్ని జరిగిపోయిన కాలంలో చెప్పాలి. కానీ జరిగిపోయింది కాదు. అక్కడే నాకు తికమక."

"జరగనిదాన్ని జరిగిపోయిన కాలంలో చెప్పడమేంటి, వాళ్ళ మొహం! రెండేనా, ఇంకా ఉన్నాయా?"

"మూడో రకం ఉంది. అది... ఇంకా అక్కడిదాకా రాలేదు."

"త్వరగా రా మరి. నేను కుట్టినంత సేపు కూడా పట్టకూడదు నీకు చదవడానికి."

పరీక్ష అయింది. రెండు నెలలకు ఆఫీసు గోడమీద జాబితా అంటించారు. పిన్ని ఆ రోజు పని మానుకుని కూతురితో పాటు వెళ్ళింది. జనంలో మెడ చాచి, అంకెలు తనకు వచ్చు కాబట్టి పిల్ల నంబరు తానే వెతికింది. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి. లేదు. తర్వాత లోపల కిటికీ దగ్గర అడిగితే ఇంగ్లీషులో నాలుగు మార్కులు తగ్గాయన్నారు.

దారంతా పిన్ని పిల్లకంటే పది అడుగులు ముందు నడిచింది. ఇంటికొచ్చాక అంది. "పుస్తకం చేతిలో పెట్టాను. పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. నాలుగు మార్కులు. నాలుగు! ఆ ఇఫ్ఫులన్నీ ఊది ఊది చివరికి బూడిద మిగిల్చావు."

కూతురు తల వంచుకుని వింది. ఒక్కమాట ఎదురు చెప్పలేదు. చెప్పకపోయేసరికి పిన్నికి ఇంకా మండింది, తప్పు తనదే కాబట్టి నోరు లేవడం లేదనుకుంది.

తర్వాతి నెలలో కూతురు బైండింగు షాపులో చేరింది. తల్లి పక్కనే బల్ల దగ్గర నిలబడింది. ఇరవై ఏళ్ళుగా ఏది జరగకూడదని పిన్ని పళ్ళు బిగబట్టిందో అది జరిగింది. అప్పుడైనా ఆ నోరు ఊరుకుందా అంటే, లేదు. పిల్ల చేతిలోంచి ఒక ఫారం జారితే చాలు, "చదవడానికి పనికిరాని చేతులు మడవడానికైనా పనికిరావా?" అనేది. కొత్తవాళ్ళెవరైనా చేరితే, "ఇది నా కూతురు. నాలుగు మార్కుల్లో ఆఫీసరమ్మ కాకుండా తప్పించుకుంది" అని పరిచయం చేసేది. అందరూ నవ్వేవారు. పిల్లా నవ్వేది. అట్టలకు జిగురు రాసే ఆవిడ, పేస్టక్క అంటారు, ఒకసారి ఉండబట్టలేక అంది.

"పోనీలే పిన్నీ, పిల్ల వింటోంది."

"వినాలనే అంటున్నా. గోడకు చెప్పుకోడానికి నాకేం పిచ్చా?"

ఇలా రెండేళ్ళు.

ఒక ఆదివారం పక్కింటి కోడలు వచ్చింది. తనూ ఆ గుమాస్తా పరీక్షే రాస్తోందట, పుస్తకం ఉంటే ఇవ్వమంది. కూతురు మందుల దుకాణానికి వెళ్ళి ఉంది. "ఉంది, వాడేవాళ్ళే లేరు, సాయంత్రం వచ్చి తీసుకుపో" అని పిన్ని ట్రంకుపెట్టె అడుగునుంచి పుస్తకం తీసింది. తీయగానే ఆవిడ చేతికి అనుమానం వచ్చింది. పుస్తకం నడుము దగ్గర ఉబ్బి ఉంది. తాను బరువులెక్కించి నొక్కిన పుస్తకం అలా ఉబ్బకూడదు. ఉబ్బిన దాన్ని ఒకరి చేతికివ్వడం నామర్దా అని, విప్పి మళ్ళీ కుట్టి ఇద్దామని, వీపు చీరి దారాలన్నీ కత్తిరించింది. ఫారాలు ఒక్కొక్కటే విడదీసి చాపమీద పరుస్తుంటే మధ్యలోంచి మడిచిన నోట్‌బుక్కు కాగితాలు జారాయి. పెన్సిలుతో సన్నటి రాత. పిల్ల రాత.

ఏ రెండు ఫారాల మధ్యనుంచి పడ్డాయో చూడటానికి వంగింది. అడుగున అంకె ఎనిమిది. దాని ముందుదీ ఎనిమిదే. తర్వాతిది పది.

మళ్ళీ చూసింది. కొంగుతో కళ్ళు తుడుచుకుని చూసింది. అంకెలు ఆవిడకు వచ్చు. ఆవిడకు వచ్చిన చదువంతా అదే.

కూతురు వచ్చేసరికి పిన్ని చాపమీదే కూర్చుని ఉంది. చుట్టూ ఫారాలు. కూతురు గుమ్మంలో ఆగింది. మందుల సంచీ గూట్లో పెట్టింది.

"ఎప్పుడు తెలిసింది నీకు?" అంది పిన్ని.

"నువ్వు తెచ్చిన రోజే."

"చెప్పలేదేం?"

"నువ్వు దాన్ని పట్టుకొచ్చిన తీరు చూశాను కదమ్మా. నోరు రాలేదు."

"నోరు రాకపోతే! ఎవరినైనా అడిగి తెచ్చుకోవద్దూ!"

"దుకాణాల్లో అడిగాను. అయిపోయాయి, మళ్ళీ అచ్చవ్వాలన్నారు. ఫ్రెండు దగ్గర రెండు రోజులు తెచ్చుకుని రాసుకున్నా. రెండు రకాలు రాశాను. మూడోది రాసేలోపు పట్టుకుపోయింది. తనకూ పరీక్షే కదా."

"నన్నే అడిగి ఉండొచ్చుగా, ఇంకో కాపీ ఉందా అని!"

కూతురు తల్లి ముఖంలోకి చూసింది. "అడిగానమ్మా."

పిన్నికి గుర్తొచ్చింది. తాను అన్న ప్రతిమాటా, మహారాణితో సహా, గుర్తొచ్చింది. చాలాసేపు చాపమీది ఫారాల అంచులు సరిచేస్తూ కూర్చుంది.

"రెండేళ్ళు. అందరి ముందూ అన్నాను."

"అన్నావు."

"కోపం రాలేదటే నీకు?"

"మొదట్లో వచ్చేది."

"తర్వాత?"

"తర్వాత అలవాటైంది."

ఆ మాట పిన్నికి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. కోపం ఉందంటే కాళ్ళు పట్టుకునేది. లేదంటే ఏడ్చి ఊరుకునేది. అలవాటైందన్నదానికి ఏం చెయ్యాలి?

"ఆ మూడో రకంలో ఏముంది?" అని అడిగింది చివరికి.

"ఇప్పుడెందుకు?"

"చెప్పు. నీకూ తెలీదా?"

"తెలుసు. పరీక్ష అయ్యాక మళ్ళీ అచ్చయింది కదా. నేను చేరిన కొత్తలో మడతకిచ్చింది తొమ్మిదో ఫారమే. మడుస్తూ చదువుకున్నా." కూతురు పక్కనే కూర్చుంది. టీచరమ్మలాగా నెమ్మదిగా చెప్పింది. "అది గడిచిపోయినదాని గురించి. ఇలా జరిగి ఉంటే అలా అయి ఉండేది అంటాం. కానీ ఇది జరగలేదు, అదీ అవలేదు. రెండూ అయిపోయాయి. మొదటి రకంలో అయితే ఇంకా ఏదో చెయ్యొచ్చు. రెండోదాంట్లో ఆశైనా పడొచ్చు. ఇందులో చెయ్యడానికేం ఉండదు."

"మరెందుకు చెప్పుకుంటారు?"

"తెలీదు. పరీక్షలో అడుగుతారు. నన్నూ అడిగారు."

పిన్ని పెదాలు కదిలాయి. "ఆ రోజు నేను అడుగున అంకె చూసి ఉంటే..." అని ఆగిపోయింది. కూతురు ఆ వాక్యాన్ని పూర్తిచెయ్యలేదు. టీ పెట్టడానికి లేచింది.

పక్కింటి కోడలు వస్తే, పుస్తకం పనికిరాదు పొమ్మంది పిన్ని.

మర్నాడు ఆవిడ ఆ ఫారాలన్నిటినీ గుడ్డలో మూటగట్టుకుని షాపుకు పట్టుకెళ్ళింది. కూతురు వద్దంది. వింటే కదా. అందరి ముందూ అన్న మాట అందరి ముందే దించుకోవాలని నిర్ణయించుకుంది. మధ్యాహ్నం అందరూ డబ్బాలు మూసే వేళకు లేచి నిలబడింది. ఓనరు కూడా అక్కడే ఉన్నాడు.

"అందరూ వినండి. నా కూతురు పరీక్ష తప్పింది దాని వల్ల కాదు. నా వల్ల. దానికి నేను కట్టిచ్చిన పుస్తకంలో తొమ్మిదో ఫారం లేదు. ఎనిమిది రెండుసార్లు వేశాను. అడిగిన పాఠం అందులోనే ఉంది. నా చెయ్యి తప్పింది. రెండేళ్ళు దాన్ని మీ ముందు నోటికొచ్చినట్టు అన్నాను. ఆ మాటలన్నీ నాకు చెందాలి."

కటింగు మిషనాయన పగలబడి నవ్వాడు.

"పిన్నీ! నీ చెయ్యి తప్పడమా? ఇంకేదైనా చెప్పు, నమ్ముతాం. సూర్యుడు పడమట పొడిచాడని చెప్పు."

"నవ్వులాట కాదు. ఇదిగో చూడు." మూట విప్పి బల్లమీద పరిచింది. "ఎనిమిది. ఎనిమిది. పది. కళ్ళున్నాయా?"

అతను వాటిని చేతిలోకి తీసుకుని తిరగేశాడు. "దారాలు తెంపేసి ఉన్నాయి కదా. విప్పిన పుస్తకంలో ఎన్ని ఎనిమిదులు కావాలంటే అన్ని పెట్టుకోవచ్చు. నాతోనా పిన్నీ? నేనూ ముప్పయ్యేళ్ళుగా ఇక్కడే ఉన్నా."

"నిన్న నేనే తెంపానయ్యా, మళ్ళీ కుడదామని! నా బిడ్డమీద ఒట్టు!"

"ఒట్టు కూడానా!" అన్నాడు ఓనరు మెత్తగా. "పిన్నీ, కన్నకడుపు, తెలుసు. రెండేళ్ళు తిట్టావు, ఇప్పుడు మనసు పీకుతోంది. దానికి నీమీద వేసుకోవడమెందుకు? పరీక్షలన్నాక తప్పుతారు. నీ వరసలో తప్పుందంటే రేపు కొనేవాళ్ళు నా మొహాన ఉమ్మేస్తారు. ఇక్కడంటే అన్నావు, బయట అనకు."

"నిజం చెబుతున్నా బాబూ..."

"సరే, సరే. నిజమే. పని చూడండి."

సరే అన్నాడు, నమ్మలేదు. ఎవరూ నమ్మలేదు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆవిడ ఇటుకమీద ఇటుక పేర్చి కట్టుకున్న పేరు, ఇప్పుడు తానే తోసినా కూలడం లేదు. అరిచింది. ఏడ్చింది కూడా, ఆ షాపులో ఆవిడ కన్నీళ్ళు ఎవరూ ఎప్పుడూ చూడలేదు. ఏడ్చేకొద్దీ వాళ్ళ ముఖాల్లో జాలి పెరిగింది. ఆ జాలి కూతురి మీద కాదు, పరీక్ష తప్పిన పిల్లను కన్నందుకు ఆవిడ మీద.

కూతురు వచ్చి బల్లమీది ఫారాలను దగ్గరకు చేర్చి, అంచులు తట్టి, గుడ్డలో కట్టి తల్లి చేతికిచ్చింది. "చాలమ్మా. వరస ఆగిపోయింది" అంది.

అందరూ బల్ల దగ్గర ఎవరి చోట్లో వాళ్ళు నిలబడ్డారు. పిన్ని మూటను గోడవారన పెట్టి వచ్చి కూతురి వెనక నిలబడింది. వరస కదిలింది. జిగురు గిన్నె పట్టుకుని పక్కనుంచి వెళుతున్న పేస్టక్క, కూతురి భుజంమీద చెయ్యి వేసి, పిన్నికి వినపడదనుకుని గొంతు తగ్గించింది.

"చూశావా, నీ పరువు కోసం మీ అమ్మ అబద్ధమాడటానికి కూడా సిద్ధపడింది. ఇంతకంటే ఏ తల్లి చేస్తుంది? ఇకనైనా ఆవిణ్ణి కష్టపెట్టకు."

"సరే అక్కా" అని కూతురు తర్వాతి గుట్ట మీంచి ఫారం ఎత్తుకుని ముందుకు నడిచింది.